నెదర్లాండ్స్ చిత్తడి నేలల్లో గ్రావెల్ సైకిల్: తారు లేని దారులు ఎక్కడున్నాయి?

ఉట్రెక్ట్_రాఘవ

రెల్లు, నీళ్ళు, పక్షులు ఉన్న చిత్తడి నేలల మధ్య మట్టి దారుల మీద రోజంతా తొక్కాలన్న కోరికతో గ్రావెల్ సైకిల్, అంటే మట్టి, కంకర దారులకు తగిన వెడల్పు టైర్ల సైకిల్, కొనుక్కున్నాను. తీరా చూస్తే ఉట్రెక్ట్ నుంచి ఏ వైపు వెళ్ళినా నున్నటి ఎర్ర తారు సైకిల్ దారి, అది దాటితే ఇటుక పరిచిన ఊరి వీధి, అదీ దాటితే మళ్ళీ తారు. మొన్న శనివారం ఒక రూట్ యాప్‌లో ఎవరో పెట్టిన దారి పట్టుకుని గ్రూనె హార్ట్ పచ్చిక బయళ్ళలోకి వెళ్ళాను. అది ఒక పాడి రైతు గేటు దగ్గర ఆగిపోయింది. పక్షులు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మార్చి 15 నుంచి జూన్ 15 వరకు లోపలికి రాకూడదని గేటుకు బోర్డు కట్టి ఉంది. వెనక్కి తిరిగి, ఎదురుగాలిలో అదే తారు మీద ఇల్లు చేరాను. ఈ దేశంలో గ్రావెల్ సైకిల్‌కు తగిన చిత్తడి నేలలు నిజంగా ఉన్నాయా, లేక వారాంతాల్లో బెల్జియం ఆర్డెన్స్ కొండలకు వెళ్ళడమే మేలా?

పెడల్_పద్మ

ఉన్నాయి. కాకపోతే మీరు వెతికిన చోట లేవు. ఆ యాప్‌లలో ఎవరైనా ఒక గీత గీసి పెట్టవచ్చు. ఆ గీత మీద సైకిల్ తొక్కే హక్కు మనకు ఉందో లేదో యాప్ చూడదు. గేటు మీది బోర్డుదే ఇక్కడ చివరి మాట.

సైకిల్_శాస్త్రి

రాఘవ గారి ప్రశ్నకు జవాబు దారుల మ్యాప్‌లో కంటే నేలల మ్యాప్‌లో తొందరగా దొరుకుతుంది. ఈ దేశంలో పడమటి, ఉత్తరపు భాగాలు ఎక్కువగా బంకమట్టి, పీట్ నేలలు. తూర్పు, దక్షిణ భాగాలు ఎక్కువగా ఇసుక నేలలు. రెల్లు, నాచు వేల ఏళ్ళపాటు నీటిలో నాని, పూర్తిగా కుళ్ళకుండా పేరుకుపోతే ఏర్పడే మెత్తటి నల్లమట్టి పీట్. అందులోంచి నీళ్ళు తోడేస్తే దానికి గాలి తగులుతుంది, అది క్రమంగా హరించుకుపోతుంది, నేల ఏటేటా కుంగుతుంది. గ్రూనె హార్ట్‌లో అధిక భాగం అలాంటి నేలే. దాని అంచున, హాలండ్‌షె ఐసెల్ నది పక్కనున్న న్యూవెర్‌కెర్క్ దగ్గర, సముద్ర మట్టానికి 6.76 మీటర్ల దిగువన ఈ దేశంలోకెల్లా పల్లపు చోటు ఉంది. అంత మెత్తటి నేలలో, రెండు కాలువల నడుమ సన్నని గట్టు మీద, వట్టి మట్టి దారి ఎన్నాళ్ళు నిలుస్తుంది? పాల ట్యాంకరు ఒక్కసారి వెళ్తే దిగబడుతుంది. అందుకే అక్కడ బండి తిరిగే ప్రతి గట్టుకూ తారో కాంక్రీటో పడింది. పడనివి గడ్డి గట్లుగానే మిగిలాయి, వాటి మీదికి నడిచే వారిని మాత్రమే రానిస్తారు.

ఇసుక నేల సంగతి వేరు. వాన వెలిసిన మర్నాటికే ఆరిపోతుంది కనుక అక్కడ మట్టి దారులు బతికి ఉన్నాయి. కాబట్టి మీరు వెతకవలసింది ఇసుకా తడీ కలిసే సరిహద్దుల్ని. ద్రెంతె ప్రావిన్సులో ద్వింగెల్దర్‌ఫెల్డ్, దానికి ఉత్తరాన ఫోఖ్తెలోర్‌ఫేన్, జర్మనీ సరిహద్దును ఆనుకుని బార్‌ఖెర్‌ఫేన్ ఉన్నాయి. దక్షిణాన బ్రబంట్, లింబర్గ్ ప్రావిన్సుల నడుమ పేల్ ప్రాంతం ఉంది. మీ ఇంటికి దగ్గరలోనే కావాలంటే, ఉట్రెక్ట్ ఇసుక గుట్టలు రేనెన్ దగ్గర నెదర్‌రైన్ నదిలోకి దిగే చోటు చూడండి.

ఉట్రెక్ట్_రాఘవ

శాస్త్రి గారూ, ఇలా నేలను బట్టి ఆలోచించాలని నాకు తట్టనే లేదు. రేనెన్ నాకు గంటన్నర దూరం. అక్కడ నది ఒడ్డున తొక్కనిస్తారా?

సైకిల్_శాస్త్రి

నది కట్ట మీద నిరభ్యంతరంగా తొక్కవచ్చు. ఇక్కడి నదులకు సాధారణంగా రెండు కట్టలుంటాయి. నీటి అంచున తక్కువ ఎత్తులో వేసవి కట్ట, దూరంగా ఎత్తైన చలికాలపు కట్ట. వరద వస్తే ఆ రెండింటి మధ్య నేల మునగడానికే ఉంది. రేనెన్‌కూ వాగెనింగెన్‌కూ నడుమ బ్లావె కామర్ అనే చోట 1992లో వేసవి కట్టను కావాలనే తెంచి, పాత ఇటుకమట్టి గుంటల్లోకి నదిని రానిచ్చారు. ఇప్పుడు అక్కడ తెడ్డుమూతి కొంగలు గూళ్ళు కడతాయి, కోనిక్ గుర్రాలు మేస్తాయి. లోపలి దారులు కాలినడకకు. చుట్టూ ఉన్న కట్ట, గుట్ట మీది అడవి దారులు మనకు. మేసే జంతువులకు కనీసం 25 మీటర్ల దూరంలో ఉండాలన్న నియమం మాత్రం పాటించండి. అవి దారికి అడ్డంగా నిలబడితే గంట కొట్టకుండా ఆగిపోవడమే మర్యాద.

గాలివాటం

గ్రావెల్ సైకిల్ లేకుండా ఈ దేశంలో చిత్తడి నేలలు చూడలేమన్నట్టు మాట్లాడుకోవడం నాకు సరిగ్గా తోచడం లేదు. మా వీధిలో డెబ్బై ఏళ్ళు దాటిన ఒక పెద్దావిడ మూడు గేర్ల ఊరి సైకిల్ మీద, వెనుక బుట్టలో బైనాక్యులర్ పెట్టుకుని, నార్దర్‌మేర్ సరస్సు చుట్టూ తిరిగి వస్తారు. మనం వేలకు వేలు పోసి సైకిల్ కొని, దానికి తగిన దారి లేదని దేశాన్ని తప్పుపట్టడం న్యాయమా? ఇక్కడి దారులు సైకిళ్ళ కోసమే వేశారు. తారు ఉన్నంత మాత్రాన పక్కనున్న నీళ్ళ అందం తగ్గదు.

పెడల్_పద్మ

గాలివాటం గారి మాటలో సగం ఒప్పుకుంటాను. నార్దర్‌మేర్ మంచి ఉదాహరణ. ఆమ్‌స్టర్‌డామ్ నగరం చెత్త పోయడానికి ఆ సరస్సును వాడుకోవాలనుకుంటే, దాన్ని కాపాడడానికే 1905లో నాటూర్‌మోన్యుమెంటెన్ సంస్థ పుట్టింది. మరుసటి ఏడాది ఆ సరస్సును కొనేసింది. అక్కడికి ఏ సైకిల్ అయినా చాలు. కానీ ద్రెంతెలో గంటల తరబడి ఇసుక కలిసిన దారిలో వెళ్ళాలంటే, సన్నటి టైర్ల సైకిల్ ముందు చక్రం పాతుకుపోయి మనిషిని కింద పడేస్తుంది. ఆ చోట వెడల్పు టైరు ఆడంబరం కాదు, అవసరం.

డెల్ఫ్ట్_విద్యార్థి

విద్యార్థిని కాబట్టి నా దగ్గర సెకండ్ హ్యాండ్ ఊరి సైకిల్ ఒక్కటే ఉంది, దానికి 37 మిల్లీమీటర్ల టైర్లున్నాయి. పద్మ గారు చెప్పిన ఇసుక దారుల్లో అది పనికొస్తుందా, లేక అద్దెకు తీసుకోవాలా?

పెడల్_పద్మ

37 మిల్లీమీటర్లు నిజానికి చాలా గ్రావెల్ టైర్లకు దగ్గరి కొలతే. గాలి కాస్త తగ్గించి వెళ్ళండి. మెత్తటి ఇసుక వచ్చినచోట దిగి నడవండి. సైకిల్ బరువు వల్ల సాయంత్రానికి కాళ్ళు నొప్పులు పుడతాయి తప్ప మరేమీ కాదు.

రెల్లుపొద

రాఘవ గారు గేటు దగ్గర చూసిన బోర్డు గురించి కొంచెం వివరంగా రాస్తాను. వసంతంలో పచ్చిక బయళ్ళ పక్షుల లెక్కింపుకు స్వచ్ఛందంగా వెళ్తుంటాను కనుక ఆ బోర్డు వెనుక ఏముందో దగ్గరగా చూశాను.

ఆ గేటు అవతల ముఖ్యంగా ఉండేది గ్రుట్టో. పొడుగు ముక్కు, ఇటుకరంగు మెడ, పొడుగు కాళ్ళ పక్షి. 2015లో ప్రజలు ఓట్లు వేసి దీన్ని జాతీయ పక్షిగా ఎన్నుకున్నారు. పశ్చిమ ఐరోపాలోని గ్రుట్టోల్లో అత్యధికం ఈ దేశపు పచ్చికల్లోనే గుడ్లు పెడతాయి. చలికాలం పశ్చిమ ఆఫ్రికా వరిపొలాల్లో గడిపి, తిరుగు ప్రయాణంలో స్పెయిన్, పోర్చుగల్ వరిచేలల్లో ఆగి, మార్చికల్లా ఇక్కడికి చేరతాయి. నేల మీదే, గడ్డిలో, సాధారణంగా నాలుగు గుడ్లు పెడతాయి. గడ్డి పరకలను గుడ్ల మీదికి పందిరిలా వంచుకుంటాయి కాబట్టి రెండడుగుల దూరంలో నిలబడినా గూడు మన కంటపడదు.

పిల్లలు పుట్టిన రోజునే గూడు వదిలి నడక మొదలుపెడతాయి. తల్లి నోటికి అందించదు. గడ్డి కాడల మీది పురుగుల్ని అవే ఏరుకుని తినాలి. మనిషి దగ్గరికి వస్తే తల్లీతండ్రీ పైకి లేచి తల మీద గిరగిరా తిరుగుతూ అరుస్తాయి. ఆ అరుపు వినగానే పిల్లలు ఎక్కడివక్కడ నేలకు కరుచుకుపోతాయి. మనం అక్కడే ఉన్నంతసేపు వాటికి తిండి లేదు. వాన పడి చలిగా ఉన్న రోజున తల్లి రెక్కల కింది వెచ్చదనం కూడా ఉండదు. ఫోటో కోసం పది నిమిషాలు ఆగడం మనకు చిన్న విషయమే. ఆ పిల్లలకు కాదు.

1960ల నుంచి వీటి సంఖ్య పడిపోతూనే ఉంది. అందుకు ప్రధాన కారణం సైకిళ్ళు కావు. నీటి మట్టం తగ్గించడం, పూలమొక్కలు లేని ఒకే రకం గడ్డి వేయడం, పిల్లలు ఎగరకముందే యంత్రాలతో గడ్డి కోసేయడం వీటిని దెబ్బతీశాయి. ఆ గేటు బిగించిన రైతు బహుశా కోత ఆలస్యం చేసి, చేనులో నీళ్ళు నిలబెట్టి, తన ఆదాయంలో కొంత వదులుకుంటున్నవాడే అయి ఉంటాడు.

గాలివాటం

ఇది చదివాక నాకు అనిపిస్తున్నది సూటిగా చెబుతాను. మార్చి నుంచి జూలై వరకు చిత్తడి నేలల్లో తారు లేని దారులన్నీ సైకిళ్ళకు మూసేయాలి. వాటిని ఎవరూ వాడకపోతే నష్టమేముంది? తొక్కడానికి మిగిలిన ఏడాదంతా ఉంది.

రెల్లుపొద

నేను అలా అనను. దారి మీద కదిలిపోయే సైకిల్‌కు పక్షులు త్వరగా అలవాటు పడతాయి. దారి తప్పి గడ్డిలోకి దిగినప్పుడు, ఒకచోట ఆగి నిలబడినప్పుడు, కుక్కను విడిచిపెట్టినప్పుడే అవి కలవరపడతాయి. పైగా ఈ నేలల్ని కాపాడే సంస్థలు సభ్యుల చందాల మీద కూడా నడుస్తున్నాయి. చూడనివ్వని చోటు కోసం జనం ఎంతకాలం చందా కడతారు? తెరిచి ఉంచిన దారిలో తొక్కండి, మూసిన చోట తిరిగిరండి.

గాలివాటం

గడ్డిలోకి దిగేవారు ఎప్పుడూ ఉంటారు, వారి కోసమే నా భయం. ఈ విషయంలో మన అభిప్రాయాలు కలవకపోవచ్చు.

ఐంధోవెన్_సుధ

పేల్ ప్రాంతం గురించి శాస్త్రి గారు ఒక్కమాటలో చెప్పి వదిలేశారు కనుక నేను అందుకుంటాను. ఐంధోవెన్ నుంచి తూర్పుకు వెళ్తే ముందు స్త్రాబ్రెఖ్త్ హీదె అనే ఇసుక బయలు వస్తుంది, ఆపైన గ్రూటె పేల్. ఒకప్పుడు ఇదంతా దాటరాని బురదనేల. 19వ శతాబ్దంలో వంటచెరకుగా వాడడానికి పీట్ తవ్వారు. తవ్విన పీట్‌ను పడవల్లో తరలించడానికి కాలువలు తీశారు. హెలెనాఫేన్ అనే ఊరు 1853లో అలా పీట్ కోసమే పుట్టింది. ఆ కాలువల పక్కన పడవలు లాగిన బాటలే ఈనాడు మనం తొక్కే దారులు. ఒక పక్క నల్లటి నిశ్చలమైన నీరు, మరో పక్క బిర్చ్ చెట్లు, మధ్యలో గట్టిపడిన మట్టి మీద రాలిన ఆకులు, ఒక్క మలుపు కూడా లేకుండా కిలోమీటర్ల దూరం. గ్రూటె పేల్ నడిబొడ్డున వేసిన చెక్క వంతెనల మీదికి సైకిల్ తీసుకెళ్ళరాదు. గేటు దగ్గర తాళం వేసి నడిచి వెళ్ళండి. వసంతంలో ఎండ కాస్తే పీట్ చాలా తొందరగా అంటుకుంటుంది. 2020 ఏప్రిల్‌లో పక్కనే ఉన్న డ్యూర్నె పేల్‌లో వందల హెక్టార్లు కాలిపోయాయి, పొగ వల్ల ఒక ఊరినే ఖాళీ చేయించారు. కాబట్టి టీ కాచుకునే స్టవ్ ఇంట్లోనే వదిలేయండి.

మే నుంచి జూలై వరకు ఓక్ చెట్ల కింద ఆగకండి. వాటి కాండం మీద గుంపులుగా పాకే ఒక గొంగళిపురుగు నూగు గాలిలో ఎగిరివచ్చి మెడకు, చేతులకు అంటుకుంటే ఆ దురద వారం దాకా వదలదు.

నిజామాబాద్_నడక

సుధ గారి జాగ్రత్తకు ఇంకొకటి కలుపుతాను. పిడుదులు ఈ గడ్డిలో విపరీతం. ఇంటికి రాగానే మోకాలి వెనుక, నడుము దగ్గర, చంకల్లో వెతికి చూసుకోండి. కనిపిస్తే నూనె, స్పిరిట్ ఏదీ రాయకుండా, సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి తిన్నగా పైకి లాగండి, తేదీ రాసిపెట్టుకోండి. తరువాతి వారాల్లో కరిచిన చోట ఎర్రటి వలయం పెరుగుతూ వచ్చినా, జ్వరం వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. అది లైమ్ వ్యాధి కావచ్చు, తొలి దశలో యాంటీబయాటిక్‌తో నయమవుతుంది.

ఆమ్‌స్టెల్‌ఫేన్_అమ్మ

మూడేళ్ళ పాపను ట్రైలర్‌లో కూర్చోబెట్టుకుని వెళ్ళదగిన దారి ఏదైనా ఉందా? మా ఆయన గ్రావెల్ అంటున్నారు, నేను తారు అంటున్నాను.

పెడల్_పద్మ

పశువులు దాటకుండా నేలలో పరిచే ఇనుప కడ్డీల మీద ట్రైలర్ బాగా కుదుపుతుంది. గట్టు దారుల మొదట్లో కార్లు రాకుండా పాతే గుంజల మధ్య వెడల్పూ ఒక్కోచోట చాలదు. పాప కాస్త పెద్దదయ్యేవరకు మీ మాటే నెగ్గనివ్వండి. కిండర్‌డైక్ మీ ముగ్గురికీ బాగుంటుంది. గాలిమరలు 19 ఉన్నాయి, చాలావరకు 18వ శతాబ్దానివి, చదునైన దారి, రెండు పక్కలా నీళ్ళు. రోటర్‌డామ్ నుంచి నీటి బస్సులో సైకిళ్ళు ఎక్కించుకుని దిగవచ్చు. పర్యాటకుల గుంపులు దిగకముందే, పొద్దున్నే వెళ్ళండి.

కైకలూరు_కుర్రాడు

నాది కొల్లేటి ఒడ్డు. చేపల చెరువుల గట్ల మీద, పుంతల్లో సైకిల్ తొక్కి పెరిగినవాణ్ణి కాబట్టి ఈ చర్చ చదువుతుంటే చెయ్యి ఊరుకోవడం లేదు. ఇక్కడికి వచ్చిన కొత్తలో నూర్డ్‌వార్డ్ అనే చోటు చూసి ఆశ్చర్యపోయాను. అది సాగులో ఉన్న మంచి పోల్డర్, అంటే చుట్టూ కట్టలు కట్టి నీళ్ళు తోడేసిన పల్లపు నేల. నదికి వరదొస్తే ఎగువ ఊళ్ళు మునగకూడదని 2015 నాటికి దాని కట్టల్ని తగ్గించి, పొలాల్లోకి నీళ్ళకు దారిచ్చారు. కొన్ని కుటుంబాలు తరలిపోయాయి, ఉన్నవారికి ఎత్తైన దిబ్బలు పోసి ఇళ్ళు కట్టుకోనిచ్చారు. 2006లో మా కొల్లేటిలోనూ చెరువుల గట్లు తెంచారు. అదెంత గొడవైందో చూసినవాణ్ణి. ఇక్కడ ఏళ్ళ తరబడి ఊరివాళ్ళతో కూర్చుని మాట్లాడాకే గునపం పట్టారని విన్నప్పుడు, మావాళ్ళకూ అలా జరిగి ఉంటే బాగుండేదని మనసులో పడింది. ఇప్పుడు ఆ నూర్డ్‌వార్డ్ వాగుల మీద వరసగా వంతెనలు, వాటి మీదుగా సైకిల్ దారి ఉన్నాయి. జమ్ము, తుంగ మధ్యన తొక్కుతుంటే మా ఊరి దగ్గరి ఆటపాక వైపు వెళ్తున్నట్టే ఉంటుంది, గూడబాతులు ఒక్కటే తక్కువ.

డోర్డ్‌రెక్ట్_సరళ

కైకలూరు అబ్బాయి చెప్పిన నూర్డ్‌వార్డ్ బీస్‌బోస్ జాతీయ ఉద్యానవనానికి గుమ్మం. 1421 నవంబరులో వచ్చిన వరద ఇక్కడి సాగుభూమిని ముంచేసి లోపలి సముద్రంలా మార్చింది. నది తెచ్చిన ఒండ్రు శతాబ్దాలపాటు పేరుకుని విల్లో చెట్ల అడవీ పాయలూ ఏర్పడ్డాయి. 1970లో హారింగ్‌ఫ్లీట్ అనే సముద్రపు పాయను ఆనకట్టతో మూసేదాకా ఇక్కడ మంచినీటిలోనే సముద్రపు ఆటుపోట్లు రెండు మీటర్ల దాకా కనిపించేవి. ఇప్పుడు పదుల సెంటీమీటర్లే మిగిలాయి. 1988లో బీవర్లను తెచ్చి వదిలారు. దారి పక్క విల్లో మొదలు పెన్సిల్ ములికిలా చెక్కి ఉంటే అది వాటి పనే. 2016లో ఈ దేశంలో మొదటిసారిగా ఆస్ప్రే గద్దలు గూడు కట్టి పిల్లల్ని లేపింది కూడా ఇక్కడే.

సైకిల్ మీద వెళ్ళేవారికి నా సలహా ఇది. డోర్డ్‌రెక్ట్ స్టేషన్‌లో దిగి, కోప్ ఫాన్ హెట్ లాండ్ రేవులో పంటు ఎక్కి న్యూవె మెర్వెడె నదిని దాటండి. అవతలి ఒడ్డున దిగగానే నూర్డ్‌వార్డ్ మొదలవుతుంది. కొంత తారు, కొంత కాంక్రీటు, కట్టల కింద అక్కడక్కడ కంకర. చలికాలంలో నది పొంగితే పల్లపు దారులు నీళ్ళ కిందికి పోతాయి, అప్పుడు బోర్డు పెట్టి మూసేస్తారు. నీళ్ళు తీశాక కూడా కొన్ని రోజులు బంకమట్టి మడ్‌గార్డుకూ టైరుకూ నడుమ ఇరుక్కుని చక్రం తిరగనివ్వదు. ఆ రోజుల్లో పుల్లతో గీరుకుంటూ వెళ్ళాలి.

ఒక హెచ్చరిక. వేసవిలో ఇక్కడి కాలువల మీద నాచు ఎంత దట్టంగా కమ్ముతుందంటే, అంచు ఎక్కడో తెలియక పచ్చిక అనుకుని సైకిల్ ఆనించబోతాం. ఆ పచ్చదనం మీద చిన్న చిన్న గుండ్రటి ఆకులు ఒకదానికొకటి తాకుతూ కనిపిస్తే అది నేల కాదు, నీరు.

టైరు_తిరుపతి

టైర్ల మాట తేల్చండి. 40 మిల్లీమీటర్లు చాలని కొందరు, 45 కావాలని కొందరు అంటున్నారు. నా ఓటు 45కే. బరువు ఎంత పెరుగుతుంది?

సైకిల్_శాస్త్రి

ఈ దేశానికి 40 చాలు. ఇక్కడ ఎంత మట్టి దారి వెతికినా రోజులో సగం పైగా తారూ ఇటుకా తప్పవు కనుక, నడుమ నున్నగా, అంచుల్లో మాత్రమే పొడుచుకొచ్చిన టైరు తీసుకోండి. 70 కిలోల మనిషికి 2.5 బార్ దరిదాపుల్లో గాలి ఉంటే ఇటుకల మీద చేతులు అదరవు. చలికాలం చివర్లో దారి పక్క ముళ్ళ కంచెలు కత్తిరిస్తారు. ఆ ముళ్ళు దారంతా పడి ఉంటాయి కాబట్టి చిల్లుల్ని పూడ్చే ద్రవం (సీలెంట్) పోసిన ట్యూబ్‌లెస్ టైర్లు ఉంటే నిశ్చింత.

టైరు_తిరుపతి

ద్రెంతె ఇసుకలో 40 చాలదని అక్కడే ఉంటున్న నా అనుభవం. శాస్త్రి గారు పడమటి వైపు వారు కనుక అలా అంటున్నారేమో.

సైకిల్_శాస్త్రి

ఎప్పుడూ ద్రెంతెలోనే తొక్కేవారికి తిరుపతి గారి మాటే సరైనది. ఒప్పుకుంటున్నాను.

గాలివాటం

గాలి గురించి ఎవరూ రాయలేదు కాబట్టి, ఈ పేరు పెట్టుకున్నందుకైనా రాస్తాను. ఇక్కడ కొండ లేదు, గాలే కొండ. ఎక్కువ రోజులు నైరుతి నుంచి వీస్తుంది. మార్కర్‌మేర్ సరస్సుకూ ఓస్ట్‌ఫార్దర్స్‌ప్లాసెన్ రెల్లు బయళ్ళకూ మధ్యనున్న కట్ట మీద ఎదురుగాలిలో తొక్కితే ఆ మాట అర్థమవుతుంది. ఎదురుగాలిలోనే తొక్కే జాతీయ పోటీ ఒకటి జీలాండ్‌లో, ఓస్టర్‌స్ఖెల్డె ఆనకట్ట మీద, తుఫాను గాలి వచ్చిన రోజున పెడుతుంటారు. మనకు ఆ అవసరం లేదు. గాలి పుట్టే వైపుకు రైల్లో వెళ్ళి, గాలితో పాటు ఇంటికి తొక్కుకుంటూ రండి. రైల్లో సైకిల్‌కు వేరే టికెట్ తీసుకోవాలి. పనిదినాల్లో ఉదయం 6.30 నుంచి 9 వరకు, సాయంత్రం 4 నుంచి 6.30 వరకు ఎక్కనివ్వరు. శని, ఆదివారాల్లో ఆ ఇబ్బంది లేదు.

డెల్ఫ్ట్_విద్యార్థి

యాప్‌ను నమ్మకూడదంటే దారి ఎలా కనుక్కోవాలి?

పెడల్_పద్మ

అంకెల కూడళ్ళను అనుసరించండి. కూడలికో అంకె ఉంటుంది, ప్రతి కూడలిలోనూ తరువాతి కూడలికి బాణం ఉంటుంది. వెళ్ళదలచిన అంకెల్ని వరసగా చీటీ మీద రాసుకుని హ్యాండిల్‌కు అంటించుకుంటే ఫోన్ చూడనక్కరలేదు. హ్యూగో బొల్లెన్ అనే గనుల ఇంజనీరు ఆలోచనతో 1995లో బెల్జియం లింబర్గ్‌లో ఇది మొదలైంది, ఆ తరువాత ఈ దేశమంతా పరుచుకుంది. ఆ దారులన్నీ సైకిల్‌కు హక్కున్నవే. వాటికి మట్టి దారులు కలుపుకోవాలంటే సైకిల్ సంఘమైన ఫీట్సర్స్‌బోండ్ వారి ప్లానర్ వాడండి. అడవుల్లో, బయళ్ళలో పుట్టగొడుగు ఆకారంలో నేలకు దగ్గరగా ఉండే దారి గుర్తులు కూడా నమ్మదగినవే.

బోర్డుల్లో రెండు గుర్తుంచుకోండి. గుర్రపు బాట అని ఉంటే సైకిల్ దిగాలి. దారుల మీద నడవవచ్చు అని మాత్రమే రాసి ఉంటే అది నడిచేవారికి, మనకు కాదు. చాలా సంరక్షిత ప్రాంతాల్లో సూర్యాస్తమయం తరువాత ఉండకూడదు.

ఉట్రెక్ట్_రాఘవ

ఇంత సమాచారం వస్తుందనుకోలేదు. ఆర్డెన్స్ ఆలోచన పక్కన పెట్టేశాను. ఈ శనివారం ఉత్తరాన వేరిబ్బెన్-వీడెన్ అనే చిత్తడి నేల చూడాలని ఉంది. స్టీన్‌వైక్ స్టేషన్‌లో దిగి, కాలెన్‌బెర్ఖ్, ఓసెన్‌జైల్, బ్లోక్‌జైల్, సింట్ యాన్స్‌క్లోస్టర్ మీదుగా గీట్‌హోర్న్ చేరి మళ్ళీ స్టీన్‌వైక్ రావాలన్నది ఆలోచన. అరవై కిలోమీటర్లు దాటదు. అక్కడ గ్రావెల్ తక్కువేనని శాస్త్రి గారు చెప్పక ముందే ఒప్పుకుంటున్నాను, కానీ రెల్లు చూడాలని ఉంది.

రెల్లుపొద

మంచి ఎంపిక. వాయువ్య ఐరోపాలోని పల్లపు పీట్ చిత్తడి నేలల్లో అతిపెద్దది అదే. పీట్ తవ్విన పొడుగాటి గుంటలు, తవ్విన మట్టిని ఆరబెట్టిన సన్నని నేలపట్టీలు పక్కపక్కనే గీతలు గీసినట్టు ఉంటాయి. ఆ పట్టీల్ని మరీ సన్నగా వదిలేశారు. 1775, 1776 నాటి తుఫాను వరదలకు అవి తెగిపోయి బ్యూలాకె అనే ఊరే కొట్టుకుపోయింది. సింట్ యాన్స్‌క్లోస్టర్‌లో పాత నీళ్ళ ట్యాంకు టవరును ఎక్కి చూసే వీలుంది, అక్కడి నుంచి కనిపించే పెద్ద సరస్సు ఆ ఊరు ఉన్న చోటే. 2002లో నీటికుక్కల్ని తిరిగి ఇక్కడే వదిలారు. కనిపించడం కష్టం, వంతెనల కింద రాళ్ళ మీద వాటి రెట్ట చూడండి, చేప పొలుసులు ఉంటాయి. చలికాలంలో ఇంటి పైకప్పులకు రెల్లు కోస్తారు కాబట్టి ఏప్రిల్‌లో మీకు కనిపించేది కోసిన మోళ్ళూ, కోయకుండా వదిలిన పాత రెల్లూ, వాటి మధ్య లేత పచ్చ మొలకలూ.

టైరు_తిరుపతి

కాలెన్‌బెర్ఖ్‌లో కాలువ ఒడ్డు దారి చాలా సన్నం, ఇళ్ళ ముంగిళ్ళ పక్క నుంచే పోతుంది. ఎదురు సైకిల్ వస్తే ఒకరు ఆగాలి. వేగంగా వెళ్ళాలనుకునే చోటు కాదది.

గాలివాటం

శనివారం గాలి నైరుతి నుంచే ఉంటే మీ దారిని తిరగేయండి. ముందు గీట్‌హోర్న్ మీదుగా దక్షిణానికి, బ్లోక్‌జైల్ దాకా ఎదురుగాలిలో వెళ్తే, కాళ్ళు అలిసిన తరువాతి సగం గాలి మోస్తుంది. గీట్‌హోర్న్ కూడా పర్యాటకుల పడవలు దిగకముందే దాటేస్తారు.

పెడల్_పద్మ

గీట్‌హోర్న్ నుంచి సింట్ యాన్స్‌క్లోస్టర్‌కు ద్వార్స్‌ఖ్రాఖ్ట్ మీదుగా వెళ్తే యోనెన్ దగ్గర సైకిళ్ళను దాటించే చిన్న పంటు ఉంది. అది ఏడాది పొడవునా నడవదు కాబట్టి వేళలు ముందు రోజే చూసుకోండి. లేదంటే పెద్ద చుట్టు తిరగాలి. పులిహోర కట్టుకుని వస్తాను, ఇద్దరికి సరిపోతుంది. ఉదయం 9 గంటలకు స్టీన్‌వైక్ స్టేషన్ బయట సైకిల్ స్టాండు దగ్గర ఉంటాను.

డెల్ఫ్ట్_విద్యార్థి

37 మిల్లీమీటర్ల ఊరి సైకిల్‌తో నేనూ రావచ్చా?

ఉట్రెక్ట్_రాఘవ

తప్పకుండా రండి. మీరు రోటర్‌డామ్ నుంచి వచ్చే బండి ఎక్కితే ఉట్రెక్ట్‌లో నేనూ అదే బండి ఎక్కుతాను. సైకిల్ గుర్తు ఉన్న తలుపు దగ్గరే ఉండండి. ఒక్కో బోగీలో కొన్ని సైకిళ్ళకే చోటు ఉంటుంది.